పక్కచూపు

నల్లగుడ్డ నడుమ ఆవగింజంత తెల్లచుక్క ఒకటి ఉంది. దాని మీదనుంచి చూపు కదపొద్దన్నాడు డాక్టరు సీతాపతి. ఎడమకంటి మీద దూది పెట్టి కట్టు కట్టింది నర్సు పెంచలమ్మ. గోడకు రెండు మూరల దూరాన, స్టూలు మీద, గడ్డం ఒక చెక్కకు ఆనించి కూర్చుంది పీరాంబీ. కిటికీలకు దుప్పట్లు వేలాడదీశారు. జమ్మలమడుగు ఆసుపత్రిలో ఈ ఒక్క గదికి పొద్దున పది గంటలప్పుడు కూడా సందెచీకటే. డాక్టరు చేతిలో నల్లరంగు పూసిన పొడుగాటి పుల్ల, దాని కొసన తెల్లటి గుండుసూది తల. ఆ తలను ఆయన గుడ్డ అంచునుంచి నిదానంగా లోపలికి తెస్తాడు. కనపడిన క్షణాన ఆమె 'ఆ' అనాలి. కనపడకుండా పోతే 'పాయ' అనాలి. పని అంతే, గంటసేపు పడుతుంది. ఈ గంటలో తేలేదేమిటో ఇద్దరికీ తెలుసు. మూడేండ్ల కింద రాయవేలూరు పెద్దాసుపత్రిలో నుదుటి ఎముక తెరిచి తీసిన గడ్డ మళ్లీ పెరిగిందా, లేదా. పెరిగి ఉంటే మళ్లీ తెరవాలి.

"చూపు చుక్క మీదనే ఉండల్ల మా," అన్నాడు సీతాపతి. "పక్కకు పోకూడదు."

పక్కకు పోకూడదు. చూపునైతే ఆ చుక్కకు కట్టేయొచ్చు, మనసును దేనికి కట్టేసేది? చిన్నప్పుడు అమ్మ కూడా ఇదే మాట అనేది, వీధిలో పక్కచూపులు చూడొద్దే అని. అదే అమ్మ, తాడుకు గుచ్చిన గాజుల మలారం కూతురి భుజానికెత్తిన రోజు, మాట మార్చింది. అరుగు మీద నువ్వొక ఆడమనిషి చెయ్యి పట్టుకుని కూర్చుంటే చుట్టూ పదిమంది చేరతారు, ఒకరు కుడిపక్క పచ్చగాజులు ఏరతారు, ఒకరు ఎడమపక్క నల్లగాజులు కొంగులో వేసుకుంటారు, నీ కండ్లు తొడిగే చేతి మీదే ఉండాల, చూపు మాత్రం రెండుపక్కలా తిరగాల. నిజమే. గాజులమ్మేదానికి ముందుచూపు కన్నా పక్కచూపే అన్నం పెట్టింది, ప్రొద్దుటూరు వీధుల్లోనైనా, పులివెందుల సంతలోనైనా. ఎవరి చేతికి ఏ సైజో ఆమె కళ్లతో చూసేది కాదు. చెయ్యి పట్టుకుని బొటనవేలి మొదట్లో ఒకసారి నొక్కితే చాలు, రెండుంపావు, రెండున్నర, అని వేళ్లే చెప్పేవి.

"ఆ."

పెంచలమ్మ పలక మీది కాగితంలో గీత పెట్టిన చప్పుడు. పుల్ల వెనక్కి పోయింది. డాక్టరు కుడిచెప్పు కిర్రుమంది. ఆ కిర్రు ఆమెకు తెలుసు. పుల్ల కొత్తచోటికి మారినప్పుడల్లా ఆయన బరువు కుడికాలి మీద పడుతుంది, చెప్పు కిర్రుమంటుంది, మూడు నాలుగు ఊపిర్ల తరవాత చొక్కా చేయి గుడ్డకు తగిలి సర్రుమంటుంది. అప్పటికి సూదితల గుడ్డలో సగం దూరం వచ్చి ఉంటుంది. కళ్లు మూసుకుని కూడా 'ఆ' అనొచ్చు. అనింది కూడా ఒకప్పుడు.

రెండు నెలలుగా తలనొప్పి. పొద్దున లేస్తూనే కనుబొమల వెనక ఎవరో బొటనవేలితో నొక్కిపట్టినట్టు. సూదిలో దారం ఎక్కడం లేదు. నిన్న వాకిలి దాటుతూ ఎడమభుజం తలుపుచెక్కకు కొట్టుకుంది. మొగుడు లాల్ బాషా ఇత్తడి గిన్నెకు కళాయి పూస్తున్నవాడు తలెత్తి చూశాడు. ఈ పొద్దున్నే జమ్మలమడుగు బస్సుకు తోడొచ్చి ఎక్కించాడు. "నేనూ రానా?" అన్నాడు. "ఏంటికి? నువ్వొస్తే సూది పెద్దదైతాదా?" అంది ఆమె. ఆయన నవ్వాడు గానీ బస్సు కదిలేదాకా కిటికీ కమ్మీ వదల్లేదు.

ఆయన అట్లాంటి మనిషే. ఆమె కాళ్లు పెరగడం మొదలైన ఏడు, అంటే పెద్దలు కర్నూలు రాజధాని కర్నూలు రాజధాని అని అరుగుల మీద మాట్లాడుకుంటున్న రోజుల్లో, చెప్పులు పట్టక ఆమె వట్టికాళ్లతో వేముల దాకా నడిచొచ్చింది. సాయంత్రం మడమల పగుళ్లు చూసి ఆయన ఒక దారప్పోగు తెచ్చి పాదం కొలుచుకుని పోయాడు. తెచ్చినవి మగవాళ్ల చెప్పులు. ఆమె వాటిని మూలకు విసిరేసింది. "కాలు పెరిగింది, చెప్పు పెంచుకుందాం. ఏంది దానికి?" అన్నాడు. ఒక్క కాలేనా? ముక్కు లావైంది. దవడ ముందుకొచ్చింది. గొంతు బొంగురుపోయి, వీధి మలుపులో ఆమె 'గాజులో' అని అరిస్తే లోపలినుంచి ఆడవాళ్లు కొంగు సర్దుకునేవారు, ఎవరో మొగోడొచ్చినాడని. పీరాంబీకి మగదేహం పడుతోంది అన్నారు. ఎవరో చేతబడి చేసిపెట్టినారన్నారు. తాయెత్తు కట్టారు, తాయెత్తు తాడు కూడా రెండుసార్లు మార్చాల్సి వచ్చింది.

"ఆ."

తరవాత వేళ్లు మొద్దుబారాయి. సైజు చెప్పే వేళ్లు. నొక్కితే చెయ్యి తెలియదు, గాజు తెలియదు. పండగ పూట ఒక కోడలిపిల్ల చేతికి తొడుగుతుంటే గాజు చిట్లి మణికట్టు తెగింది. ఎర్రగాజులు కాబట్టి రక్తం ఆలస్యంగా కనపడింది. ఆ వీధిలో మళ్లీ ఎవరూ పిలవలేదు. వేళ్ల తిమ్మిరికి మందు అడుగుదామనే మొదటిసారి ఈ ఆసుపత్రికొచ్చింది. సీతాపతి కుర్రడాక్టరు, కడపలో గుమాస్తా కొడుకు, చదువు ముగించుకుని కొత్తగా వచ్చినవాడు. ఆమె వేళ్లు చూడనేలేదు ముందు. ముఖం చూశాడు. నాలుక చాపమన్నాడు. పండ్ల మధ్య సందులు చూశాడు. తరవాత ఎవరూ అడగని మాట అడిగాడు.

"పదేండ్ల కిందటి ఫోటో ఏమన్నా ఉందామ్మా నీది?"

"ఫోటోనా? మా ఇండ్లల్ల ఫోటోలు యాడుంటాయి సార్!"

"అప్పుడు నువ్వెట్ల ఉంటివో నాకు తెలియాల. ఎప్పటినుంచి పెరుగుతాండావో తెలియాల."

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. ప్రతి రంజానుకూ కొత్తజత తొడుక్కుని, తీసేసిన పాతజతను మలారం తాడుకు కట్టిపెట్టుకునే అలవాటు అమ్మ నేర్పింది, సరుకు తెచ్చేటప్పుడు సైజుకు పనికొస్తుందని. మరుసటి వారం ఆ తాడు తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది. పెండ్లినాటి రెండుంపావు. పదిహేనేండ్లు అదే రెండుంపావు. ఆ తరవాత రెండున్నర. తరవాత రెండుంముప్పావు. ఆ మీద ప్రొద్దుటూరు టోకు అంగట్లో ఆమెకు గాజే దొరకలేదు. సీతాపతి స్కేలు తీసుకుని ఒక్కొక్క గాజు అడ్డకొలత కొలిచి, గళ్లకాగితం మీద కింద ఏండ్లు, పక్కన కొలతలు వేసి చుక్కలు పెట్టాడు. చుక్కలు కలిపితే అడుగున తిన్నగా పోయిన గీత ఒకచోట మెడ ఎత్తి పైకి లేచింది. ఆ మెడ ఎత్తిన చోటు మీద వేలు పెట్టి, "ఇదిగో, ఈ ఏడు మొదలైంది," అన్నాడు. ఆయన కళ్లల్లో వెలుగు. జబ్బు కనిపెట్టిన సంతోషం అది. ఆమెకు కోపం రాలేదు, మంచి సరుకు చేతికొచ్చినప్పుడు తన ముఖం కూడా అట్లాగే ఉంటుంది.

మెదడు అడుగున, ముక్కుకు సరిగ్గా వెనక, శనగ్గింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. ఒళ్లు ఎంత పెరగాలో అదే చెబుతుందట. ఆమెకు అక్కడ గడ్డ పుట్టింది. ఎక్స్‌రే తీసి చూపించాడు, ఆ గ్రంథి కూర్చునే ఎముక గుంత చిన్న గురిగి మాదిరి ఉండాల్సింది, మూతి పగిలిన కుండ మాదిరి వెడల్పయింది. "ఎముకలు పెరిగేది ఒక ఎత్తు. ఆ గుంత పైననే రెండు కండ్ల నరాలు కలుస్తాయి. గడ్డ పైకి పెరిగితే వాటిని నొక్కుతాది. అప్పుడు మొదట పొయ్యేది రెండుపక్కల చూపు. అందుకే ఈ పరీక్ష," అని ఈ నల్లగుడ్డ ముందే కూర్చోబెట్టాడు.

పక్కచూపు పోయిందని తేలితే ఇంకెవరు గాజులు తొడిగించుకుంటారు? వేళ్లు మొద్దు, గొంతు బొంగురు, ఇప్పుడు కండ్లు కూడానా? ఆ పూట ఆమె చెప్పు కిర్రును పట్టింది, చొక్కా సర్రును పట్టింది. కనపడని చోట కూడా ఆ, ఆ, ఆ. కాగితం మీద నిండు గుండ్రం పడింది. సీతాపతి నమ్మాడు. "నరాలు ఇంకా నలగలే. రెండు నెలల్లో మళ్లీ రా, మళ్లీ చూద్దాం. రాయవేలూరుకు అప్పుడు రాస్తా," అన్నాడు. ఆమె రెండు నెలలకు పోలేదు. ఆరు నెలలకు కూడా పోయేది కాదు, ప్రొద్దుటూరులో ఆ సీమంతం లేకపోతే.

"ఆ... పాయ. పాయింది సార్."

"అది గుడ్డ అంచులే. సరిపోయింది. ఇంకో పక్క."

సీమంతం ఇల్లు, ముత్తయిదువల రద్దీ. ఎడమపక్కనుంచి పాకుతూ వచ్చిన ఏడాది బిడ్డ ఆమెకు కనపడలేదు. సరుకు పెట్టె దించింది. దించిన పెట్టె కింద బిడ్డ వేళ్లు. ఆ ఏడుపు ఎక్కడినుంచి వస్తోందో వెతుక్కుంటూ తల తిప్పినంతసేపూ పెట్టె దాని చేతి మీదే ఉంది. వేళ్లు విరగలేదు, వాచాయి. తల్లి బిడ్డను ఎత్తుకుని, "కండ్లు యాడ పెట్టుకున్నావే!" అంది. ఆ మాటకు జవాబు పీరాంబీ దగ్గర ఉంది, ఆరు నెలలుగా ఉంది, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు జమ్మలమడుగు బస్సెక్కింది. గడ్డం చెక్క మీద ఆనింది. కిర్రుమంది. సర్రుమంది. అలవాటుగా నోరు తెరుచుకుంది, 'ఆ'. డాక్టరు అప్పుడు వట్టిచేత్తో గుడ్డ ముడత సర్దుతున్నాడు, అంతే.

"పీరాంబీ," అన్నాడు సీతాపతి, "నేను పుల్ల ఎత్తనే లేదు మా."

తిట్టలేదు. పుల్ల కిందపెట్టి ఎదురుగా ఇంకో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చిన్నవాడు, ఆమెకు తమ్ముడి వయసు. "తప్పు నీది ఒక్కదానిదే కాదు. మధ్యమధ్యలో పుల్ల నిలబెట్టి చూడాలని నాకు తెలియకపాయ. ఇప్పుడు తెలిసింది. ఇంక అందరికీ అట్లనే చేస్తా. మళ్లీ మొదలుపెడదామా?" ఆ రోజు కనపడనిచోట కనపడలేదంది. కాగితం మీద నిండు గుండ్రానికి రెండు వైపులా కోసేసినట్టు నడుమ ఒక పట్టీ మిగిలింది. మామిడిపండుకు రెండు చెంపలూ తీసేస్తే మిగిలే టెంక లాగా.

ఎర్రగుంట్లలో రైలు, రేణిగుంటలో మారడం, కాట్పాడిలో దిగడం. లాల్ బాషా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటే ఆయన తొడ మీది కళాయి వాసన, కళాయికి వాడే నవసాగరం వాసన. రాయవేలూరులో వెన్నుపూసల మధ్యనుంచి సూదితో గాలి ఎక్కించి, ఆ గాలి తలలోకి చేరాక ఎక్స్‌రేలు తీశారు, గడ్డ ఎంత ఎత్తు లేచిందో చూడాలని. ఆ రెండు రోజుల నొప్పికి పేరు లేదు. కాన్పు నొప్పికి చివర బిడ్డ ఉంటుంది. జుట్టు తీసేశారు. అరవంలో మాట్లాడే ఆయమ్మ ఒకతె ఆ జుట్టును కాగితంలో చుట్టి జాగ్రత్తగా ఆమె తలగడ కింద పెట్టింది, ఏ భాషా కలవకపోయినా. మెలకువ వచ్చేసరికి నుదుటి మీద కట్టు, ఆ కట్టు కింద ఊరంత మౌనం. తలలో అన్నేండ్లుగా ఉన్న హోరు ఆగిపోయింది. తరవాత నెలపొడుగునా కిరణాల మిషను కింద పడుకోబెట్టారు. పెరిగిన ఎముక తగ్గదన్నారు, తగ్గలేదు. వేళ్లకు మాత్రం తెలివొచ్చింది. ఊరికొచ్చాక మొదట పట్టుకున్న చెయ్యి లాల్ బాషాదే. నొక్కి చూసి, "మూడుంపావు," అంది. ఇద్దరూ నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"ఆ."

సీతాపతి ఆమె గాజుల గీతను మద్రాసులో డాక్టర్ల సభకు తీసుకుపోయాడు. అచ్చయిన కాగితాలు తెచ్చి చూపించాడు. అందులో ఆమె పేరు లేదు. పి అనే అక్షరం ఒక్కటే ఉంది, పేరు రాయకూడదట. కానీ గీత ఉంది. పల్లెల్లో ఫోటోలుండవు, చెప్పులు కుట్టేవాళ్లనీ గాజులు తొడిగేవాళ్లనీ అడగండి, వాళ్లకు ముందు తెలుస్తుంది, అని దాని కింద రాశాడట. చదివి తెలుగులో చెప్పి, ఆమెనే అడిగాడు: "నువ్వు తిరిగే ఊర్లల్ల ఇట్ల సైజు మారినోళ్లు ఎవరన్నా ఉండారా?"

అప్పటికప్పుడు తోచలేదు. ఉగాదికి వేముల పోయినప్పుడు తెలిసింది. అక్కడ పురోహితుడు రామమూర్తి ఇల్లు. ఆయన భార్య కమలాంబ మెత్తని మనిషి. గాజుల మనిషి పట్టిన చెయ్యి తరవాత కడుక్కుంటుంది గానీ పట్టినంతసేపు వెనక్కి తీసుకోదు. ఆ రోజు రెండున్నర కూడా వేళ్ల ముడుల దగ్గరే ఆగింది. లావైనావమ్మా అని నవ్వబోయి పీరాంబీ బొటనవేలి మొదలు నొక్కింది. కండ పలుచగా ఉంది. కింద ఎముక. తన ఎముకను పట్టుకున్నట్టే ఉంది. పోయిన ఏడు ఇదే చేతికి రెండుంపావు తానే తొడిగింది.

"అమ్మా, తల నొస్తాందా నీకు?"

కమలాంబ ఉలిక్కిపడి వాకిలివైపు చూసింది. "నీకెవరు చెప్పినారు? ఆయనకు కూడా చెప్పలేదే నేను."

"నీ చెయ్యి చెప్పింది. ఇది కొవ్వు కాదమ్మా. ఒక్కసారి నా మొగం చూడు. నేను ఇట్ల పుట్టలే."

కమలాంబ చూసింది. ఎవరైనా చూస్తే పీరాంబీ ముఖం తిప్పుకునేది అన్నేండ్లూ. ఆ రోజు తిప్పుకోలేదు. ఇప్పుడు కమలాంబ బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది, భర్త పక్కన. ఈ గుడ్డ ముందు నిన్ననే ఆమె పరీక్ష అయింది, పక్కచూపు ఇంకా చెడలేదు. ఇప్పుడే పోతే నరాలు నలిగేలోపు గడ్డ తీసేయొచ్చు. రాయవేలూరుకు పోతావా పోవా అన్నదానికి ఆమె ఈపూట జవాబు చెప్పాలి. పీరాంబీ గదిలోంచి ఏ ముఖంతో బయటికొస్తుందో చూసి చెబుతుంది, అది అందరికీ తెలిసిన విషయమే. తన తల మళ్లీ తెరవాలంటే, తెరిచినా ఫలం లేదని ఆ అమ్మ వేములకు తిరిగిపోతే?

కిర్రుమంది.

కుడిపక్క అంచునుంచి సూదితల బయలుదేరింది. "ఆ." లోపలికి వస్తోంది, తెల్లగా, తేటగా. ఇంకా లోపలికి. చుక్కకు జానెడు దూరంలో ఉన్నట్టుండి ఆరిపోయింది. దీపం ఊదినట్టు. పుల్ల అక్కడే ఉందని తెలుసు, చొక్కా సర్రుమంటూనే ఉంది. వచ్చేసింది. మళ్లీ వచ్చేసింది. చెప్పకపోతే? ఒక్క ఊపిరి ఓపిక పడితే? కుడిపక్క అంతా కనపడుతోంది కదా, ఇంత చిన్నచోటు, గుడ్డంత విశాలంలో కోడిగుడ్డంత చోటు, ఎవరికి తెలుస్తుంది. తల తెరిపించుకోకుండా ఇంకో రంజాను, బయట కమలాంబకు నవ్వు ముఖం. పెదవులు మూసే ఉన్నాయి. పెట్టె కింద బిడ్డ వేళ్లు. ఏడుపు ఎక్కడినుంచో తెలియక తల తిప్పుకోవడం.

"పాయ," అంది. గొంతు మరీ బొంగురుగా వచ్చింది. "ఈడ పాయింది సార్. కనపడల్యా."

పుల్ల మెల్లగా కదిలింది. "ఆ," మళ్లీ తెల్లగా. వెనక్కి. "పాయ." పైనుంచి. "ఆ. పాయ." కిందినుంచి. ఆయన నల్లసూదులు గుచ్చుతున్నాడు, టిక్, టిక్, ఆ మాయమైన చోటు చుట్టూ. ఎందుకంత ఇదిగా కొలుస్తున్నాడు ఆ కొంచెం చోటును? ఎనిమిది సూదులయ్యాక పుల్ల దించేశాడు. ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది.

"పెంచలమ్మా, దుప్పటి తియ్యి."

వెలుగు పడింది. ఆమె ఇంకా చుక్కనే చూస్తోంది.

"పీరాంబీ, ఈ పక్కకు చూడొచ్చు ఇంక. ఆ సూదులు చూసినావా? ఆ చోటు ప్రతి మనిషికీ ఉంటాది, నాకూ ఉంది, పెంచలమ్మకూ ఉంది. కంటినరం లోపలికి పొయ్యే తావు, ఆడ ఎవరికీ ఏమీ కనపడదు. మూడేండ్ల కింద ఆ పక్కంతా చీకటే కాబట్టి ఇది దొరకలే. పోయినేడు పుల్ల ఈ దారిన రాలే. చుట్టూ కనపడితేనే నడుమ ఇది దొరుకుతాది." ఆయన చొక్కా చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు పాయ అనకపోతే, మళ్లీ చూడకుండానే చెప్తాండావని నేను భయపడేవాణ్ని."

ఆమెకు సగమే అర్థమైంది. ఆ సగానికే స్టూలు అంచు రెండు చేతులా పట్టుకుంది. కుదురుకున్నాక కుడికంటికి కట్టు మార్చి ఎడమకన్ను చూశారు. అక్కడ వెలుపలి పక్కన పెద్ద ముక్క చీకటి, పోయిన ఏడాది కాగితం మీద ఎంత ఉందో ఇప్పుడూ అంతే. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకు ఎత్తి చూపించాడు సీతాపతి. "ఇది పెరగలే. తగ్గదు కూడా. ఆ నరం శానా రోజులు నలిగింది."

"ఆరు నెల్లు," అంది ఆమె.

ఆయన కాగితాలు దించి మడిచాడు. ఈ చీకటి తనది, అడిగి తెచ్చుకున్నది. దాంతో ఇంట్లో తలుపుచెక్కలు తగులుతూనే ఉంటాయి, మంచానికి ఎడమవైపు చెంబు తన్నుకుంటూనే ఉంటుంది. అంత బరువేమీ అనిపించలేదు. మోయగలిగిన బరువే. "ఇప్పుడు తల తెరిచే పని లేదు. ఏటేటా వచ్చి ఇట్ల కూర్చోవల్ల, అంతే," అన్నాడు సీతాపతి. తలనొప్పి, సూదిలో దారం మాట చెబితే నవ్వాడు. "నలభై దాటినాక అందరికీ వచ్చేదే. అద్దాలు రాసిస్తా."

ముఖం కడుక్కుని వరండాలోకి వచ్చింది. ఎండ కళ్లల్లో పడి ఒక్క క్షణం ఎవరూ కనపడలేదు. రామమూర్తి లేచి నిలబడ్డాడు. కమలాంబ ఆయనకన్నా ముందే లేచి, పీరాంబీ ముఖం చూసి, చెయ్యి పట్టుకుంది, పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టి తాను ఎడమపక్కన కూర్చుంది. కొంగు నలుపుతోంది. ఆ కొంగు కదలడం పీరాంబీకి కనపడలేదు, చప్పుడు మాత్రమే తెలిసింది.

"నొప్పి పెడతాదా పీరాంబీ?" అంది కమలాంబ చివరికి.

"పెడతాదమ్మా. గాలి ఎక్కించినప్పుడు శానా పెడతాది. జుట్టు తీస్తారు. అన్నీ చెప్తా, ఏమీ దాయను." పీరాంబీ బల్ల మీద తన కుడిపక్కన చేత్తో తట్టింది. "ఆ పక్క వద్దు, లేచి ఈ పక్కకు వచ్చి కూర్చో. ఈ పక్కనైతే నువ్వు నాకు నిండుగా కనపడతావు."